రెండు చెవులకు ఇన్ని యాంపులెందుకు?

హెడ్‌ఫోన్ల మీద మక్కువ ఉన్నవాళ్ల బల్ల మీద యాంప్లిఫయర్లు మూడు నాలుగు ఉండటం మామూలే. చూసినవాళ్లు అడిగేదీ మామూలు ప్రశ్నే: పాట ఒకటే కదా, ఇన్ని డబ్బాలెందుకు? దీనికి జవాబు చాలావరకు ఓమ్ సూత్రంలోనే (వోల్టేజీ, కరెంటు, నిరోధం మధ్య ఉండే లెక్క) దొరుకుతుంది. హెడ్‌ఫోన్‌నూ యాంప్‌నూ విడివిడిగా కొంటాం గానీ, పిన్ను గుచ్చగానే రెండూ కలిసి ఒకే సర్క్యూట్ అయిపోతాయి. అందుకే ఒక హెడ్‌ఫోన్‌కు చక్కగా అమరిన యాంప్ ఇంకోదాని దగ్గర తేలిపోతుంది.

1997లో వచ్చిన సెన్‌హైజర్ హెచ్‌డి 600ను తీసుకుందాం. దాని ఇంపిడెన్స్ (కరెంటుకు అడ్డుపడే నిరోధం) 300 ఓమ్‌లు, 1 మిల్లీవాట్‌కు సుమారు 97 డెసిబెల్స్ శబ్దం ఇస్తుంది. సంగీతంలో ఒక్క క్షణం ఎగసే శిఖరాలకు 110 డెసిబెల్స్ దాకా చోటు ఉండాలనుకుంటే 20 మిల్లీవాట్లు కావాలి. అంటే దాదాపు 2.5 వోల్టులు, 8 మిల్లీఆంపియర్లు. ఇక హైఫైమాన్ హెచ్‌ఈ-6 అనే ప్లేనార్ (పలుచని పొర మీద తీగ పరిచిన రకం) హెడ్‌ఫోన్ 50 ఓమ్‌లది, 1 మిల్లీవాట్‌కు 83.5 డెసిబెల్స్ మాత్రమే ఇస్తుంది. అదే 110 డెసిబెల్స్‌కు దీనికి 450 మిల్లీవాట్లు, 4.7 వోల్టులు, 95 మిల్లీఆంపియర్లు కావాలి. కరెంటు పన్నెండు రెట్లు! ఫోన్‌కు తగిలించే చిన్న డాంగుల్ ఇచ్చేది సుమారు 1 వోల్టు. దాంతో హెచ్‌డి 600 శిఖరం 102 డెసిబెల్స్ దాకా వెళ్తుంది, చాలామందికి అది చాలు. హెచ్‌ఈ-6 మాత్రం 96 దగ్గరే ఆగిపోతుంది. వాల్యూమ్ ఇంకా పెంచాలని చూస్తే డోలు దెబ్బ దగ్గర తరంగం తల తెగి, శబ్దం పగులుతుంది.

అలాగని బాగా బలమైన యాంప్ ఒక్కటి కొనేస్తే సరిపోదు. చెవిలో దూర్చుకునే ఇయర్‌ఫోన్లకు కావలసింది దీనికి పూర్తిగా వ్యతిరేకం. 16 ఓమ్‌లు, మిల్లీవాట్‌కు 110 డెసిబెల్స్ ఉన్న ఇయర్‌ఫోన్‌కు 80 డెసిబెల్స్ రావడానికి 4 మిల్లీవోల్టులు చాలు. యాంప్ సొంత నాయిస్ 10 మైక్రోవోల్టులు ఉందనుకోండి, ఆ ఇయర్‌ఫోన్‌లో అది 28 డెసిబెల్స్ సుయ్‌మనే రొదగా మారుతుంది. నిశ్శబ్దంగా ఉన్న గదిలో పాటకూ పాటకూ మధ్య అది స్పష్టంగా వినిపిస్తుంది. నాయిస్ 2 మైక్రోవోల్టులైతే 14 డెసిబెల్స్‌కు దిగుతుంది, ఇక చెవికి అందదు. అదే 10 మైక్రోవోల్టుల యాంప్‌ను హెచ్‌ఈ-6తో వింటే నాయిస్ అన్నది ఉన్నట్టే తెలియదు.

వాల్యూమ్ నాబ్ దగ్గరా ఇదే పేచీ. డాక్ (డిజిటల్ పాటను విద్యుత్ సంకేతంగా మార్చే పరికరం) నుంచి 2 వోల్టులు వస్తూ, యాంప్ గెయిన్ (వోల్టేజీని పెంచే మేర) 10 రెట్లు ఉంటే ఫుల్ వాల్యూమ్‌లో 20 వోల్టులు. అందులో మనకు కావలసిన 4 మిల్లీవోల్టులు అయిదు వేలో వంతు. నాబ్ మొదట్లోనే, వెంట్రుకవాసి తిప్పితే చాలు ఆ స్థాయి వచ్చేస్తుంది. నాబ్ వెనక ఉండే పొటెన్షియోమీటర్‌లో ఎడమ, కుడి ట్రాకులు సరిగ్గా కలవనిది అక్కడే. గాయని గొంతు నడినెత్తిన వినిపించాల్సింది పోయి ఒక చెవి వైపు ఒరిగిపోతుంది. లో గెయిన్‌కు మార్చి, అప్పటికీ సరికాకపోతే ప్లేయర్‌లో డిజిటల్ వాల్యూమ్‌ను 10 నుంచి 20 డెసిబెల్స్ తగ్గించండి. 24 బిట్ల డాక్‌తో ఆ తగ్గింపు వల్ల వినికిడికి నష్టం ఉండదు. నాబ్ సగం దగ్గరికి వచ్చేసరికి గొంతు మళ్లీ మధ్యకు చేరుతుంది.

యాంపులను మార్చి మార్చి వినాలనిపించడానికి అసలు కారణం అవుట్‌పుట్ ఇంపిడెన్స్. ప్రతి యాంప్‌లోనూ బయటకు వచ్చే దారిలో ఎంతో కొంత నిరోధం ఉంటుంది. అది, హెడ్‌ఫోన్ కలిసి వోల్టేజీని పంచుకుంటాయి. హెచ్‌డి 600ను 300 ఓమ్‌లు అంటున్నాం గానీ, 100 హెర్ట్జ్ ప్రాంతంలో, డయాఫ్రం (శబ్దం పుట్టించే పొర) సహజంగా ఊగే చోట, అది 500 ఓమ్‌లకు చేరుతుంది. యాంప్ వైపు 1 ఓమ్ ఉంటే ఆ రెండు చోట్ల అందే వోల్టేజీల్లో తేడా డెసిబెల్‌లో వందో వంతు. యాంప్ వైపు 100 ఓమ్‌లు ఉంటే 300 దగ్గర 75 శాతం, 500 దగ్గర 83 శాతం అందుతుంది. బాస్ దాదాపు 1 డెసిబెల్ లేస్తుంది. గాజు ట్యూబులతో (వాల్వులతో) పనిచేసే యాంపుల గురించి “ట్యూబ్ యాంప్‌లో వెచ్చదనం ఉంది” అని చెప్పుకునేదాంట్లో పెద్ద వాటా దీనిదే. మిగతాది ట్యూబులు కలిపే రెండో హార్మోనిక్ (అసలు స్వరానికి రెట్టింపు పౌనఃపున్యం) వల్ల రావచ్చు.

ఒకే చెవిలో అయిదారు డ్రైవర్లు (శబ్దం పుట్టించే చిన్న స్పీకర్లు) ఇమిడిన ఇయర్‌ఫోన్లలో ఈ పంపకం మరీ తారుమారవుతుంది. ఇంపిడెన్స్ ఒక చోట 5 ఓమ్‌లు, ఇంకో చోట 40 ఉంటే, 10 ఓమ్‌ల యాంప్‌తో ఆ రెండు చోట్ల మధ్య తేడా ఏడున్నర డెసిబెల్స్. అది ఇక తయారీదారు ట్యూన్ చేసిన ఇయర్‌ఫోనే కాదు. యాంప్ నిరోధం హెడ్‌ఫోన్‌దానిలో ఎనిమిదో వంతు దాటకూడదన్న నియమం ఇందుకే వాడుకలోకి వచ్చింది. 16 ఓమ్‌లకు 2 ఓమ్‌లు. అయితే ఇన్ని డ్రైవర్లున్నవాటికి అదీ ఎక్కువే, 1 ఓమ్‌లోపు చూసుకోండి. ప్లేనార్ల ఇంపిడెన్స్ అన్ని పౌనఃపున్యాల్లోనూ దాదాపు ఒకేలా ఉంటుంది కాబట్టి వాటి స్వరం మారదు, శబ్దం తగ్గుతుందంతే.

అవుట్‌పుట్ దగ్గర ట్రాన్స్‌ఫార్మర్ లేని ట్యూబ్ యాంపులు 300 ఓమ్‌లకు హాయిగా పనిచేస్తాయి. అదే 32 ఓమ్‌ల హెడ్‌ఫోన్ పెడితే 100 ఓమ్‌ల యాంప్ నుంచి పావు వంతు వోల్టేజీ కూడా అందదు, డిస్టార్షన్ (శబ్దం వక్రీకరణ) కూడా పెరుగుతుంది. వీటిని ఆన్ చేశాక ట్యూబులు వేడెక్కేదాకా ఒక నిమిషం ఆగి అప్పుడు పిన్ను గుచ్చండి. అవుట్‌పుట్ కెపాసిటర్లు చార్జ్ అయ్యేటప్పుడు వచ్చే దెబ్బ హెడ్‌ఫోన్‌కు తగలకుండా ఉంటుంది. ప్లగ్ తీసేసినా లోపలి కెపాసిటర్లలో ప్రాణం మీదికి తెచ్చే వోల్టేజీ నిలిచి ఉండవచ్చు, మూత విప్పొద్దు.

ఎలక్ట్రోస్టాటిక్ (స్థిర విద్యుత్ బలంతో పొరను కదిలించే) హెడ్‌ఫోన్లది వేరే లోకం. వాటిని తయారుచేసే స్టాక్స్ కంపెనీ ప్రో సాకెట్‌లో డయాఫ్రంకు 580 వోల్టుల బయాస్ (స్థిరమైన వోల్టేజీ) వెళ్తుంది. దానికి ప్రత్యేక యాంప్ తప్పదు.

బ్యాలెన్స్‌డ్ అవుట్‌పుట్ (ఎడమ, కుడి చెవులకు నెగటివ్ తీగలు కూడా విడివిడిగా వెళ్లేది) గురించి ఒక్క జాగ్రత్త చెప్పాలి. 4.4 మిల్లీమీటర్ల సాకెట్ నుంచి మామూలు 3.5 పిన్ను హెడ్‌ఫోన్‌కు అడాప్టర్ వేస్తే ఎడమ, కుడి నెగటివ్‌లు ఒకటై, యాంప్ కాలిపోవచ్చు. బ్యాలెన్స్‌డ్ తీగ ఉన్న హెడ్‌ఫోన్‌ను మామూలు యాంప్‌కు అడాప్టర్‌తో కలపడంలో మాత్రం ప్రమాదం లేదు.

అంటే 1 ఓమ్‌లోపు నిరోధం, రెండు గెయిన్ స్థాయిలు, తక్కువ నాయిస్ ఉన్న సాలిడ్ స్టేట్ (ట్యూబులు లేకుండా ట్రాన్సిస్టర్లతో పనిచేసే) యాంప్ ఒకటి ఉంటే ఎక్కువమందికి సరిపోతుంది. 300 ఓమ్‌ల హెడ్‌ఫోన్ ఉన్నవాళ్లకు ట్యూబ్ యాంప్ రెండోది. స్టాక్స్ ఉంటే మూడోది. నాలుగోదానిలో వినిపించే “మెరుగుదల” చాలాసార్లు వాల్యూమ్ తేడాయే. అర డెసిబెల్ ఎక్కువ ఉన్నా చెవి దాన్ని “శబ్దం పెద్దది” అనుకోదు, “బాగుంది” అనుకుంటుంది.

దాన్ని తేల్చడానికి ఒక మల్టీమీటర్ చాలు. 300 హెర్ట్జ్ టోన్ పెట్టండి. చవక మీటర్లు 400 హెర్ట్జ్ దాటితే తప్పు చూపించవచ్చు. హెడ్‌ఫోన్‌ను చెవులకు పెట్టుకోకుండా యాంప్‌కు తగిలించే ఉంచి, స్ప్లిటర్ (ఒక సాకెట్‌ను రెండు చేసే తీగ) దగ్గర ఏసీ వోల్టులు కొలవండి. మొదటి యాంప్‌ను 0.300కు సరిచేస్తే రెండోది 0.297కూ 0.303కూ మధ్య ఉండాలి. రెండు యాంపుల మధ్య మార్చే స్విచ్‌లో గ్రౌండ్‌తో సహా మూడు తీగలూ తెగి, ఆ తర్వాతే రెండోవైపు కలవాలి. లేకపోతే ఒక యాంప్ అవుట్‌పుట్ ఇంకోదానిలోకి పోతుంది. ఇంకొకరిని స్విచ్ మార్చమని, వింటున్నది ఏ యాంపో చూడకుండా 16 సార్లు చెప్పండి. 12 కన్నా తక్కువ సరైతే అది ఊహ కిందే లెక్క.

ట్యూబ్ యాంప్ మాత్రం హెచ్‌డి 600తో ఈ పరీక్షలో తరచూ దొరికిపోతుంది, ఎందుకంటే 100 హెర్ట్జ్ దగ్గరి ఆ 1 డెసిబెల్ నిజంగానే ఉంది. కొనే ముందు ఈక్వలైజర్‌లో అక్కడ 1 డెసిబెల్ పెంచి ఒక వారం వినండి. ఆ స్వరం నచ్చితే అప్పుడు ట్యూబ్ యాంప్ గురించి ఆలోచించవచ్చు.