తాతయ్యకు మతి పోలేదమ్మా

చిన్నీ, బుజ్జీ,

పోయిన ఆదివారం వీడియో కాల్‌లో తాతయ్య బుజ్జిని చూసి "పలక... పలక" అంటుంటే, "తాతయ్యకి మతి పోయిందా అమ్మమ్మా" అని అడిగారు కదా, ఆయన పక్కనే ఉండడంతో అప్పుడేం చెప్పలేకపోయాను, అందుకే రాస్తున్నాను. మతి పోలేదు. పక్షవాతం వచ్చినప్పుడు మెదడులో ఎడమవైపు కొంత భాగానికి రక్తం అందలేదు, చాలామందికి మాటలు కూడేది అటువైపే. 1861లో పారిస్‌లో పాల్ బ్రోకా అనే డాక్టరు దగ్గరున్న ఒక రోగి ఏమడిగినా "టాన్" అనే అనేవాడట, ఎదుటివాళ్లు చెప్పేది మాత్రం చాలావరకు అర్థమయ్యేది. చనిపోయాక చూస్తే దెబ్బ ఎడమవైపు ముందుభాగంలో ఉంది. తాతయ్యదీ అలాంటి కష్టమే, బుజ్జీ, నీ పేరు లోపల ఉంది, నోటికి అందట్లేదు.

స్పీచ్ థెరపీ అమ్మాయి మొదటిరోజు మాటల జోలికే పోలేదు. చెంచాతో నీళ్లు పట్టి, గొంతు మీద వేళ్లు ఆనించి చూసింది. మాటలు నేర్పే మనిషికి నీళ్లతో పనేంటని నేనూ అనుకున్నాను. మాట్లాడే నాలుక, పెదాలు, గొంతే మింగడానికీ కావాలి కదా! మింగేటప్పుడు గాలిగొట్టం టక్కున మూసుకోవాలి, తాతయ్యకు అది ఆలస్యమవుతోంది, నీళ్లేమో పలచన కాబట్టి ఈలోపే జారిపోతాయి. మనకు పొలమారితే ఎవరో తలుచుకుంటున్నారని నెత్తిన తట్టుకుంటాం, ఆయనకు అవి ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా రావచ్చు, కొందరికైతే దగ్గు కూడా రాదట. అందుకే నీళ్లలో చిక్కబరిచే పొడి కలిపి జావలా చేస్తున్నాను, నిటారుగా కూర్చోబెట్టి, టీవీ ఆపేసి, చెంచా చెంచా పడుతున్నాను. ఇది ఆయన్ని పరీక్షించి చెప్పిన పద్ధతి, అందరికీ ఇదే కాదు. మీరొచ్చినప్పుడు ఆయన సైగ చేశారని జాలిపడి గ్లాసుతో మామూలు నీళ్లు ఇవ్వకండి, నన్ను పిలవండి.

ఇప్పుడు మాటల సంగతి. "కాఫీ" అనలేని మనిషి ఆది, సోమ, మంగళ అని వారాలన్నీ గడగడా చెప్పేస్తారు, భజన పాటైతే నాతో కలిసి పాడేస్తారు! అలవాటుగా వచ్చేవి అలా మిగులుతాయట, ఆ అమ్మాయి వాటినే పట్టుకుని మెల్లగా మిగతా మాటలు లాగుతోంది. బొమ్మ చూపించి "కా..." అని అందిస్తే రెండు నెలలకు "కాఫీ" వచ్చింది, ఆ రోజు నేను ఏడ్చాను. అన్నీ తిరిగి వస్తాయని ఎవరూ మాటివ్వలేదు.

ఆయన తడుముకుంటుంటే మీరు మాట పూర్తి చేసేయకండి, కాసేపు ఆగండి. అరిచి చెప్పొద్దు, చెవులు బాగానే ఉన్నాయి. ఒకసారి ఒకటే అడగండి, "అన్నమా, ఉప్మానా" అన్నట్టు.

థెరపీకి ఇంట్లోవాళ్ల ఫోటోలు కావాలి, ఇద్దరూ పంపండి. బుజ్జీ, నీది ముందు పంపు, "బు" దాకా వస్తోంది.

మీ అమ్మమ్మ