వియత్నాం ట్రిప్, అక్కడి సెలవులు: అపోహలు - వాస్తవాలు

వియత్నాం టూర్ వేయమని మా దగ్గరికి వచ్చేవాళ్ళు ముందు వీసా గురించి, తర్వాత వెజ్ భోజనం గురించి అడుగుతారు. అక్కడి సెలవుల మాట ఎత్తేవాళ్ళు తక్కువ. ఎత్తినా, "టెట్ తప్పిస్తే చాలు కదండీ" అంటారు. చాలదు.

అపోహ: టెట్‌కి దేశమంతా మూతపడుతుంది.

వాస్తవం: టెట్ వాళ్ళ చాంద్రమాన కొత్త సంవత్సరం. 2026లో ఫిబ్రవరి 17, 2027లో ఫిబ్రవరి 6. నిజంగా బోసిపోయేది పండగ రోజు, ఆ తర్వాత ఒకటి రెండు రోజులు. ఇంటివాళ్ళే నడుపుకునే చిన్న హోటళ్ళు ఇంకొన్నాళ్ళు తెరవకపోవచ్చు. తెరిచిన చోట బిల్లు మీద పది, ఇరవై శాతం అదనంగా వేస్తారు. బోర్డు పెట్టి మరీ వేస్తారు కాబట్టి వాదన అనవసరం.

అసలు టెన్షన్ ప్రయాణాలతోనే. సంక్రాంతి ముందు విజయవాడ హైవే ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. పండగ ముందు వారం హో చి మిన్ సిటీ నుంచి (ఊళ్ళో జనం ఇంకా సైగాన్ అనే అంటారు) ఉత్తరానికి, మధ్య వియత్నాంకి విమానాలూ రైళ్ళూ కిటకిటలాడతాయి. ఎదురు దిక్కున వచ్చేవాటిలో సీట్లు సులువుగా దొరుకుతాయి. అందుకే పండగ ముందు వెళ్ళేవాళ్ళకి నేను హనోయిలో మొదలుపెట్టి సైగాన్‌లో ముగిస్తాను. పండగ అయ్యాక వెళ్ళేవాళ్ళకి అదే రూట్ తిరగేస్తాను. నన్నడిగితే పండగ ముందు వారమే అందం. ఉత్తరాన గులాబీ రంగు పీచ్ పూల కొమ్మలు, దక్షిణాన పసుపుపచ్చ మాయ్ పూలు బైకుల వెనక ఊరేగుతుంటాయి.

ఒక జాగ్రత్త. ఏడాదిలో మొదట గడప దాటిన మనిషిని బట్టే ఆ ఇంటి అదృష్టం అని వాళ్ళ నమ్మకం. హోమ్‌స్టేలో ఉంటే, పండగ పొద్దున వాళ్ళు పిలవకుండా ఇంట్లోకి వెళ్ళకండి.

అపోహ: మిగతా సెలవులు ఒక్కో రోజే కాబట్టి పర్వాలేదు.

వాస్తవం: మనవాళ్ళు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. ఏప్రిల్ 30 పునరేకీకరణ దినం, 1975లో సైగాన్ పతనంతో వియత్నాం యుద్ధం ముగిసిన రోజు. మర్నాడే మేడే. దానికి ముందు, వియత్నాంని మొదట ఏలారని చెప్పుకునే హుంగ్ రాజుల స్మారక దినం. అది చాంద్రమానం కాబట్టి తేదీ కదులుతుంది: 2025లో ఏప్రిల్ 7, 2026లో ఏప్రిల్ 26. ఆదివారం పడితే సోమవారం సెలవిస్తారు. ఇటు మన పిల్లలకు వేసవి సెలవులు మొదలయ్యేదీ ఏప్రిల్ చివరి వారంలోనే. పరీక్షలు అవ్వగానే బ్యాగులు సర్దేస్తారు!

ఒకసారి నేనే తప్పు చేశాను. ఒక కుటుంబాన్ని ఏప్రిల్ 29 సాయంత్రం సైగాన్ నుంచి కొండల్లో ఉన్న దలాత్‌కి స్లీపర్ బస్సెక్కించాను. ఆరేడు గంటల దారి. తెల్లవారాక కూడా కొండ ఎక్కుతూనే ఉన్నారు. చేరాక చూస్తే వాళ్ళ గది ఇంకెవరికో ఇచ్చేశారు. అప్పటినుంచీ ఆ సెలవుల్లో దలాత్, న్యా చాంగ్, దనాంగ్, సాపా వైపు ఎవర్నీ పంపను. తప్పనిసరైతే హనోయిలోనో సైగాన్‌లోనో ఉంచుతాను. ఊరివాళ్ళంతా సముద్రానికో కొండలకో పోతారు కాబట్టి నగరంలో ట్రాఫిక్ కొంచెం తగ్గుతుంది. మే మొదటి వారం దాటాక వెళితే ఈ గొడవే లేదు.

అపోహ: ఈ-వీసా మూడు రోజుల్లో వచ్చేస్తుంది.

వాస్తవం: మూడు పనిదినాలు. సెలవులు లెక్కలోకి రావు. టెట్ ముందు అప్లై చేసి చిక్కుకుంటే వారం పైనే ఆగాలి. నెల ముందే చేసేయండి.

అపోహ: సెప్టెంబర్ 2 జాతీయ దినం, పరేడ్ చూడొచ్చు.

వాస్తవం: ప్రతి ఏడూ పెద్ద పరేడ్ ఉండదు. రెండు రోజుల సెలవు, మళ్ళీ రద్దీ. ఉత్తరాన ఉన్న మూ కాంగ్ చాయ్ కొండల్లో వరి మడులు పసుపు రంగుకు తిరిగేది సెప్టెంబర్ రెండో సగంలో. అప్పుడు వెళ్ళండి.

అపోహ: పండగ రోజుల్లో శాకాహారం దొరకదు.

వాస్తవం: చాంద్రమాన నెల మొదటి రోజున, పున్నమి నాడు చాలామంది బౌద్ధులు మాంసం ముట్టరు. శాకాహారం అమ్మే దుకాణాలు ఆ రోజుల్లో కళకళలాడతాయి. బోర్డు మీది మాట మనకి "చాయ్" అన్నట్టు కనిపిస్తుంది. టీ కొట్టు అనుకుని దాటి వెళ్ళిపోకండి, లోపల భోజనం ఉంటుంది. పళ్ళెంలో చేప ముక్కలా కనిపించేది కూడా సోయానే.