తాత పెట్టిన పాట మనవరాలి చెవిలో

మొన్న ఆదివారం పొద్దున తిరుపతి కొర్లగుంటలోని మా ఇంట్లో మా నాయన తన ఫోను పాడైపోయిందని తేల్చేశాడు. వరండాలో కుర్చీ వేసుకుని అన్నమయ్య కీర్తన పెట్టుకున్నాడు. తెర మీద పాట నడుస్తోంది, చప్పుడు మాత్రం లేదు. సౌండు పెంచాడు. ఇంకా పెంచాడు. అప్పుడు లోపలి గదిలోంచి మా అక్క కూతురు "అమ్మో!" అని అరిచి చెవుల్లోంచి ఇయర్‌బడ్స్ పీకేసింది.

తాత పెట్టిన కీర్తన గోడ దాటి మనవరాలి చెవిలో మోగింది. మర్నాడు ఆ పిల్లకి ఆన్‌లైన్ ఇంటర్వ్యూ ఉంది. ఆ బడ్స్‌ను ల్యాప్‌టాప్‌కి కలపాలని అరగంటగా కుస్తీ పడుతోంది. "మామా, సిగ్నల్ వీక్‌గా ఉన్నట్టుంది, ఎంతకీ కనెక్ట్ కావడం లేదు" అంది. సిగ్నల్ వీక్ అయితే వరండాలోని ఫోనుకి ఎలా కలిసింది? బడ్స్ కనెక్ట్ కానప్పుడు మనమంతా ముందు గాలినే, అంటే గాల్లో నడిచే బ్లూటూత్ సిగ్నల్‌నే తిడతాం. నేను చూసినంతలో గాలి తన పని చక్కగానే చేస్తుంది. చిక్కంతా ఆ బుల్లి యంత్రాలు గుర్తుపెట్టుకునే సంగతుల దగ్గర వస్తుంది.

ముందు ఆ గాలి సంగతే చూద్దాం. తిరుపతి నుంచి చిత్తూరు పోయే దారిలో గాదంకి ఊరుంది. అక్కడి జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాలలో 130 మీటర్ల పొడవు, అంతే వెడల్పు ఉన్న మైదానం నిండా 1024 చోట్ల యాంటెన్నాలు నిలబెట్టి ఉంటాయి. అది ఎమ్మెస్టీ రాడార్. 53 మెగాహెర్ట్జ్ తరంగాలను ఆకాశంలోకి పంపి, మీసోస్ఫియర్ అనే పై వాతావరణ పొర దాకా గాలి కదలికలను పట్టుకుంటుంది. మొదట కట్టినప్పుడు దాని పల్స్ గరిష్ఠ శక్తి 2.5 మెగావాట్లు, అంటే 25 లక్షల వాట్లు. ఇయర్‌బడ్స్ లాంటి మామూలు బ్లూటూత్ పరికరాల తరగతికి ఉన్న పరిమితి 2.5 మిల్లీవాట్లు. వాటులో 400వ వంతు! రెంటికీ తేడా సరిగ్గా వంద కోట్ల రెట్లు. ఆ దారిన బస్సులో పోతూ చెవిలో బడ్స్ పెట్టుకున్నప్పుడల్లా ఈ లెక్క గుర్తొచ్చి నాకు నవ్వొస్తుంది. రెండూ ఒకే జాతి రేడియో తరంగాలు మరి.

గాదంకి తరంగం పొడవు ఐదున్నర మీటర్లకు పైనే, అందుకే దానికి అంత మైదానం కావాలి. బ్లూటూత్ తరంగం 12 సెంటీమీటర్ల పైచిలుకు. అందులో నాలుగో వంతు, అంటే 3 సెంటీమీటర్లున్నా యాంటెన్నా పనిచేస్తుంది, దాన్ని మడిచి చింతగింజంత చోటులో ఇరికించవచ్చు. పాత ఫోన్లలో ఎఫ్ఎం రేడియో వినాలంటే వైరు ఇయర్‌ఫోన్ గుచ్చమని అడిగేది, గుర్తుందా? ఎఫ్ఎం తరంగం సుమారు 3 మీటర్లుంటుంది. ఆ ఇయర్‌ఫోన్ వైరే దానికి యాంటెన్నా.

బ్లూటూత్ తిరిగే చోటు 2.4 గిగాహెర్ట్జ్ దగ్గరి ఫ్రీక్వెన్సీల పట్టీ. మన దేశంలో 2005 నుంచి తక్కువ శక్తి పరికరాలకు ఈ పట్టీలో లైసెన్సు అక్కర్లేదు. లైసెన్సు లేదంటే ఏమవుతుందో తెలిసిందే, అందరూ అక్కడే చేరతారు. మన వైఫై, పక్కింటి వైఫై, వైర్‌లెస్ మౌసు, వంటింట్లో మైక్రోవేవ్ ఓవెన్, అన్నీ అక్కడే. ఇంత తొక్కిసలాటలో 2.5 మిల్లీవాట్ల గొంతు ఎలా వినిపిస్తుంది?

తిరుపతి వాళ్ళకి స్లాట్ అంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు. శ్రీనివాసంలోనో భూదేవి కాంప్లెక్స్‌లోనో దర్శనం టోకెన్ తీసుకుంటే మీ టైము మీకు రాసిస్తారు. బ్లూటూత్ కూడా సెకనును 1600 స్లాట్లుగా కోస్తుంది, ఒక్కోటి 625 మైక్రోసెకన్లు. ఒక స్లాట్లో ల్యాప్‌టాప్ మాట్లాడుతుంది, తర్వాతి స్లాట్లో బడ్స్ బదులిస్తుంది. దానికితోడు ఇంకో మెలిక ఉంది. పట్టీని ఒక్కో మెగాహెర్ట్జ్ చొప్పున 79 చానళ్ళు చేసి, మాట మాటకీ చానల్ మారుస్తారు. టైముతోపాటు కౌంటరు నంబరు కూడా ప్రతిసారీ మారిపోయే టోకెన్ అనుకోండి. ఏ చానల్ తర్వాత ఏ చానల్ అన్నది ల్యాప్‌టాప్ బ్లూటూత్ అడ్రసు, దాని గడియారం కలిపి వేసే లెక్కలోంచి వస్తుంది. రెండువైపులా అదే లెక్క వేసుకుంటారు కాబట్టి ఒకే క్షణంలో ఒకే చోట కలుస్తారు. పాటలాంటి పెద్ద మూట పంపాలంటే మూడు, ఐదు స్లాట్లు కలిపి వాడుకుంటారు, అప్పుడు గెంతులు కాస్త తగ్గుతాయి. ఒక చానల్లో వైఫై రొద తగిలి మాట పోయినా తర్వాతి గెంతులో మళ్ళీ పంపుతారు. 2003లో వచ్చిన 1.2 వెర్షన్ నుంచి ఇంకో తెలివి చేరింది. వైఫై కూర్చున్న చానళ్ళను కనిపెట్టి వాటిని వదిలేసి గెంతడం.

ఇలా గెంతే ఆలోచన పాతదే. నటి హెడీ లమార్, సంగీతకారుడు జార్జ్ ఆంతీల్ కలిసి 1942లో దానిమీద ఒక పేటెంట్ పొందారు. పియానో మెట్లలాగే అందులో 88 ఫ్రీక్వెన్సీలు. అంతమాత్రాన బ్లూటూత్ ఆమే కనిపెట్టిందని వాట్సాప్‌లో తిప్పడం మాత్రం అతి. బ్లూటూత్ పని 1994లో స్వీడన్‌లోని లుండ్‌లో, ఎరిక్సన్ కంపెనీలో యాప్ హార్ట్‌సెన్ అనే ఇంజనీరు చేతుల్లో రూపు దిద్దుకుంది. ఫోనుకీ హెడ్‌సెట్‌కీ మధ్య వైరు తీసేయాలన్నది వాళ్ళ మొదటి కోరికల్లో ఒకటి. డెన్మార్క్ రాజు హరాల్డ్ బ్లూటూత్ పేరు దీనికి ఎలా పెట్టారన్న కథ అందరూ చెప్పేదే కాబట్టి వదిలేస్తున్నాను.

సరే, గాలి బాగానే ఉంది. మరి మా నాయన ఫోను ఎందుకు అడ్డొచ్చింది?

వైరుకి జ్ఞాపకం ఉండదు. ఎవరి ఫోనుకి గుచ్చితే వాళ్ళ పాట పాడుతుంది. గాల్లో మాట్లాడే దానికి ఆ సదుపాయం లేదు. పక్కింటివాళ్ళ ల్యాప్‌టాప్ వచ్చి అతుక్కోకూడదు, మన మాట దారిన పోయేవాడు వినకూడదు. అందుకే మొదటిసారి కలిసేటప్పుడు రెండూ ఒక రహస్య సంఖ్య తయారుచేసుకుని, రెండుచోట్లా దాచుకుంటాయి. పెయిరింగ్ అంటే అదే. చిత్రమేమిటంటే, అందరూ వింటుండగానే ఆ రహస్యం పుడుతుంది.

ఎలాగో చిన్న అంకెలతో చూపిస్తాను, కాగితం తీసుకోండి. 3, 17 అన్న రెండు అంకెలు ఊరందరికీ తెలుసు. ల్యాప్‌టాప్ తన మనసులో 6 అనుకుంది. ఆరు మూళ్ళను గుణిస్తే 729, దాన్ని 17తో భాగిస్తే శేషం 15. ఆ 15ను గట్టిగా చెప్పేసింది. బడ్స్ మనసులో 4 అనుకుంది. నాలుగు మూళ్ళ గుణకారం 81, 17తో భాగిస్తే శేషం 13. అదీ గట్టిగానే చెప్పింది. ఇప్పుడు ల్యాప్‌టాప్ తాను విన్న 13ను ఆరుసార్లు వేసి గుణించి 17తో భాగిస్తే శేషం 16. బడ్స్ తాను విన్న 15ను నాలుగుసార్లు వేసి గుణించి 17తో భాగిస్తే దానికీ 16 వస్తుంది. 16 అన్న మాట ఎవరూ బయటికి అనలేదు. చాటుగా విన్నవాడి దగ్గర 3, 17, 15, 13 ఉన్నాయి, మనసులోని 6, 4 లేవు. ఇంత చిన్న అంకెలైతే వాడు ఒక్కోటీ వేసి చూసి పట్టేస్తాడు. అసలు బ్లూటూత్‌లో అంకెలు 192 లేదా 256 బిట్ల పొడుగు, లెక్క కూడా ఎలిప్టిక్ కర్వ్స్ అనే వక్రాల మీద నడుస్తుంది. 2007లో 2.1 వెర్షన్‌తో వచ్చిన పద్ధతి ఇది. దాని ముందు "0000" కొట్టమని అడిగేవి, పాత హెడ్‌సెట్లు వాడినవాళ్ళకి తెలుసు.

ఈ లెక్కలో ఒక లోటుంది. అవతల ఉన్నది మన బడ్సే అని ఎలా తెలుస్తుంది? రెండు ఫోన్లయితే తెర మీద ఆరంకెల సంఖ్య చూసి సరిపోల్చుకోవచ్చు. బడ్స్‌కి తెర లేదు, అంకెల మీటలు లేవు. అందుకే కేస్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోమంటారు. అలా నొక్కిన కాసేపే అది కొత్తవాళ్ళను రానిస్తుంది. మిగతా వేళల్లో పాత చుట్టాలకే తలుపు తీస్తుంది. కేస్ మూత తెరవగానే చివరగా కలిసినవాళ్ళకో, దగ్గర్లో పిలుస్తున్న పాత చుట్టానికో అతుక్కుంటుంది. మా అక్క కూతురు ఊరెళ్ళినప్పుడు రెండు వారాలు ఆ బడ్స్‌ని నాయన వాడుకున్నాడు. ఆయన ఫోను బడ్స్‌కి ఇప్పుడు దగ్గర చుట్టం. ఒకేసారి రెండింటితో కలిసి ఉండే బడ్స్ కూడా ఉన్నాయి గానీ ఇవి ఆ రకం కాదు.

జ్ఞాపకం రెండువైపులా సరిపోకపోయినా తంటానే. బడ్స్‌ని రీసెట్ చేస్తే దానిలోని తాళం, అంటే ఆ రహస్య సంఖ్య, చెరిగిపోతుంది. ల్యాప్‌టాప్ మాత్రం 'పెయిర్డ్' అని చూపిస్తూనే ఉంటుంది, నొక్కితే కలవదు. ల్యాప్‌టాప్ జాబితాలోంచి కూడా తీసేసి మొదటినుంచీ కలపాలి. ఇంజనీరింగ్ పిల్లల ల్యాప్‌టాపుల్లో ఇంకో తమాషా. విండోస్, ఉబుంటు అని రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లు ఉంటాయి, బ్లూటూత్ అడ్రసు ఒక్కటే. విండోస్‌లో పెయిర్ చేసి, తర్వాత ఉబుంటులో పెయిర్ చేస్తే బడ్స్ కొత్త తాళం దాచుకుని పాతది పారేస్తుంది. మళ్ళీ విండోస్‌లోకి వెళితే కలవదు. ఒకే ఇల్లు, రెండు తాళాలు. బడ్స్‌కి గుర్తున్నది ఒక్కటే.

నాయన ఫోనులో బ్లూటూత్ ఆపి, కేస్ బటన్ నొక్కి, ల్యాప్‌టాప్‌లో పేరు వెతికి కలిపాం. పాట బ్రహ్మాండంగా వచ్చింది. పిల్ల టెన్షన్ తగ్గింది. స్నేహితురాలితో వీడియో కాల్ పెట్టి చూసుకుంది. అంతే, మళ్ళీ మొహం మాడింది. "బావిలోంచి మాట్లాడినట్టుంది మామా."

ఇది పాడైపోవడం కాదు, ఒప్పందం మారడం. పాట వినడానికి ఒక ఒప్పందం, మాట్లాడడానికి ఇంకొకటి, వీటిని ప్రొఫైల్స్ అంటారు. పాటల దారి ఒకవైపే. సీడీ నాణ్యత ధ్వనికి సెకనుకు 14 లక్షల బిట్లు పైగా కావాలి. దాన్ని ఎస్‌బీసీ అనే కోడెక్ సుమారు 3 లక్షల 28 వేలకు నొక్కి పంపుతుంది, అయినా చెవికి పెద్ద లోటు తెలియదు. మైకు తెరిచిన మరుక్షణం హ్యాండ్స్‌ఫ్రీ ప్రొఫైల్‌లోకి దూకుతుంది. అప్పుడు రానూ పోనూ చెరో 64 వేల బిట్లు, ఎడమ కుడి తేడా లేని ఒకే ధ్వని. పాత పద్ధతిలో ధ్వనిని సెకనుకు 8 వేల సార్లే కొలుస్తారు కాబట్టి 4 వేల హెర్ట్జ్ పైనున్న మెరుపంతా పోతుంది. 16 వేల సార్లు కొలిచేదైతే కాస్త నయం. ఈ చిక్కు తీర్చడానికే 2020లో 5.2 వెర్షన్‌తో ఎల్ఈ ఆడియో అనే కొత్త పద్ధతికి దారి తెరిచారు, కానీ ల్యాప్‌టాప్, బడ్స్ రెండింట్లోనూ అది ఉండాలి. మా దగ్గరున్నవి పాతవి. నేను చేసిన ఉపాయం చిన్నది. మీటింగ్ సెట్టింగ్స్‌లో స్పీకరుగా బడ్స్, మైకుగా ల్యాప్‌టాప్‌దే పెట్టాను. బడ్స్ మైకు తెరుచుకోలేదు కాబట్టి ధ్వని పాటల ఒప్పందంలోనే ఉండిపోయింది. ఎవరూ దీన్ని మాన్యువల్లో ఎందుకు రాయరో నాకు అర్థం కాదు.

ఇంకో రెండు మాటలు. 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలను నీళ్ళు బాగా మింగుతాయి, మన ఒళ్ళంతా నీళ్ళే. అందుకే ఫోను వెనక జేబులో పెట్టుకుని నడిస్తే పాట తెగుతుంది. అలాగే ల్యాప్‌టాప్‌కి గుచ్చిన యూఎస్‌బీ 3.0 హార్డ్‌డిస్కు ఈ పట్టీలో కూడా రొద చేయవచ్చు. పాట తెగుతుంటే దాన్ని ఊడదీసి చూడండి.

ఇంటర్వ్యూ సాఫీగా జరిగింది. ఆ సాయంత్రం నాయన మళ్ళీ కీర్తన పెట్టుకున్నాడు. ఫోనులోంచే వచ్చింది గానీ సన్నగా వచ్చింది. "నిన్న పొద్దున అంత పెంచానే" అన్నాడు. ఫోను స్పీకరుకొక సౌండు, బడ్స్‌కొక సౌండు విడివిడిగా దాచుకుంటుందని, ఆయన పెంచిందంతా బడ్స్ ఖాతాలో పడిందని చెప్పాను.

"ఏంరా, ఇది కూడా గుర్తు పెట్టుకుంటుందా?" అన్నాడు నాయన, కళ్ళజోడు పైకి జరుపుకుంటూ. నిన్న ఆ కళ్ళజోడు కోసమే ఇల్లంతా గంటసేపు వెతికాం.