లారీ బీసీఎం మార్పు: అపోహలు - వాస్తవాలు

బీఎస్ 4 నిబంధన 2017 ఏప్రిల్‌లో దేశమంతటా అమలైన తొలి రోజుల్లో రోడ్డెక్కిన లారీలు ఇప్పుడు పాతబండ్ల లెక్కలోకి వచ్చాయి. వాటిలో బీసీఎం (బాడీ కంట్రోల్ మాడ్యూల్, అంటే లైట్లు, వైపర్లు, హారన్ వంటివాటిని నడిపే ఎలక్ట్రానిక్ పెట్టె, వాడుకలో బోర్డు) ఉన్న మోడళ్లు మా షెడ్డుకు వచ్చినప్పుడల్లా యజమాని నోట ముందుగా వినిపించే మాట, "బోర్డు పోయిందంటున్నారండి, కొత్తది వేయించాలట" అనే. ఎవరన్నారని అడిగితే రావులపాలెంలో ఒకరు, తాడేపల్లిగూడెంలో ఒకరు, లోడింగు దగ్గర కలిసిన డ్రైవరు మరొకరు అని చెబుతారు. వీరిలో మీటరు పెట్టి చూసినవారు ఒక్కరూ ఉండరు. కిస్తీ తేదీ దగ్గరపడుతుంటే బండి కదలక నిలిచిపోయిన మనిషి ఆందోళన నాకు అర్థమవుతుంది. ఆ ఆందోళన మీద పుట్టే పుకార్లను మాత్రం సహించలేను.

అపోహ: లైట్లు, వైపర్లు, ఇండికేటర్లు ఇష్టం వచ్చినట్టు పనిచేస్తే బీసీఎం పోయినట్టే.

వాస్తవం: యజమానులకు అన్నిటికంటే ఎక్కువ నష్టం తెచ్చే నమ్మకం ఇదే కాబట్టి దీన్ని వివరంగా చెప్పాలి. బీసీఎం తనంతట తాను ఏ నిర్ణయమూ తీసుకోదు. స్విచ్చుల నుంచి వచ్చే వోల్టేజీని చదివి, దానినిబట్టి లైట్లకూ, వైపర్లకూ, హారన్ రిలేకూ కరెంటు పంపుతుంది. దానికి వచ్చే సప్లై తగ్గినా, ఎర్త్ (కరెంటు బ్యాటరీకి తిరిగి వెళ్లే దారి) బలహీనపడినా, స్విచ్చు తీగలో చిలుము పట్టినా అది చదివే విలువే తప్పవుతుంది, తప్పు విలువను చదివిన మాడ్యూల్ తప్పుగానే పనిచేస్తుంది. బ్రేకు తొక్కితే పార్కింగ్ లైట్లు మసకగా వెలగడం, ఇండికేటర్ వేస్తే వైపర్ ఒక్కసారి కదలడం, హారన్ కొడితే డ్యాష్‌బోర్డు దీపాలు తగ్గడం వంటివి చాలావరకు ఎర్త్ లోపాన్ని సూచించే లక్షణాలు. కాలువ దిగువన గుర్రపుడెక్క అడ్డుపడితే నీరు గట్టు తెంచుకుని పక్క చేలోకి పోయినట్టు, తిరిగి వెళ్లే దారి మూసుకుపోయిన కరెంటు దొరికిన మరో తీగ గుండా వెళ్తుంది.

మన డెల్టాలో ఈ లోపం ఇంత ఎక్కువగా కనిపించడానికి కారణం ఉంది. అంతర్వేది, నరసాపురం వైపు గాలిలోనే ఉప్పుంటుంది. రొయ్యలు, చేపలు ఎక్కించే బండ్లలో ఐసు కరిగి ఉప్పునీరు ఛాసిస్ మీదుగా రోజూ కారుతూనే ఉంటుంది. క్యాబిన్ కింద ఎర్త్ తీగను బిగించిన బోల్టు పైకి శుభ్రంగానే కనిపిస్తుంది గానీ, విప్పి చూస్తే లగ్ (తీగ చివరి లోహపు వలయం) కింద ఇనుము పొరలు పొరలుగా రాలిపోతుంది. ముందు అద్దం రబ్బరు సందులోంచి కారిన వాననీరు వైరింగ్ కట్ట వెంట దిగి, డ్యాష్‌బోర్డు కింద ఉన్న కప్లర్లలో (తీగలను కలిపే ప్లగ్గుల్లో) చేరడం కూడా పాత క్యాబిన్లలో సాధారణమే.

మరి మాడ్యూల్ మార్చగానే బాగైందని కొందరు ప్రమాణం చేసి చెబుతారు కదా అని మీరు అడగవచ్చు. వారు అబద్ధం చెప్పడం లేదు. మాడ్యూల్ మార్చాలంటే కప్లర్లు లాగి మళ్లీ గుచ్చాలి. ఆ రాపిడికి పిన్నుల మీది చిలుము కొంత తుడుచుకుపోతుంది, ఆ కాంటాక్టు కొన్నాళ్లు నిలబడుతుంది, పేరు మాత్రం కొత్త మాడ్యూల్‌కు వస్తుంది. భీమవరం వైపు రొయ్యల లోడు తోలే ఒక బండి మా దగ్గరకు ఇలాగే వచ్చింది. యజమాని అప్పు చేసి వేరేచోట కొత్త మాడ్యూల్ వేయించారు, కొద్దిరోజులు బాగానే నడిచి, రాత్రిపూట హైవే మీద హెడ్‌లైట్లు ఆరిపోయాయి. కొత్త మాడ్యూల్ కూడా పోయిందని ఎవరో చెప్పగా, ఆయన షెడ్డు అరుగు మీద కూర్చుని మాట పెగలక ఉండిపోయారు. హెడ్‌లైట్లు, వైపర్లు వేసి ఉంచి బ్యాటరీ నెగటివ్‌కూ మాడ్యూల్ ఎర్త్ పిన్నుకూ మధ్య మీటరు పెడితే దాదాపు మూడు వోల్టులు చూపింది. ఎర్త్ తీగకు కొత్త లగ్ వేసి, ఛాసిస్ మీద రంగు గీకి మెరిసే ఇనుము మీద బిగించి, పైన పెట్రోలియం జెల్లీ పూశాం. ఆ బండి అదే మాడ్యూల్‌తో ఇప్పటికీ తిరుగుతోంది. ఆయన పాత మాడ్యూల్ కూడా మంచిదే అయి ఉంటుందన్నది నాకు ఈనాటికీ బాధ కలిగించే విషయం.

కాబట్టి మాడ్యూల్ మీద చేయి వేసే ముందు చూడవలసినవి చూడాలి. 24 వోల్టుల బండిలో రెండు బ్యాటరీలూ వరుసగా కలిసి ఉంటాయి, పూర్తి చార్జింగులో ఇంజను ఆపి ఉండగా 25 వోల్టులకు కాస్త పైన, ఇంజను నడుస్తుండగా 28 వోల్టుల ప్రాంతంలో ఉండాలి. రెండు బ్యాటరీలనూ విడివిడిగా కొలవాలి, ఎందుకంటే ఒకటి చచ్చి రెండోది బాగున్నా మొత్తం అంకె మోసం చేయవచ్చు. బీసీఎంకు సప్లై ఒకే ఫ్యూజు నుంచి రాదు, కాబట్టి సంబంధించిన ప్రతి ఫ్యూజునూ లోడు ఉండగా పరీక్షించాలి. ఎర్త్‌ను ఓమ్‌లలో కొలిచి సరిపెట్టుకోకూడదు. ఒకే ఒక్క పోగు మిగిలిన తీగ కూడా ఓమ్‌మీటరుకు మంచిదిగానే కనిపిస్తుంది, కరెంటు లాగినప్పుడే దాని అసలు సంగతి బయటపడుతుంది. లోడు మీద ఎర్త్ వైపు వోల్టేజీ నష్టం 0.2 వోల్టులు దాటితే అనుమానించాలి.

స్కానరులో (మాడ్యూళ్లలోని లోపాల కోడ్లు చదివే పరికరంలో) "బీసీఎంతో సంబంధం తెగింది" అనే అర్థమిచ్చే కోడు రాగానే తీర్పు చెప్పేసేవారున్నారు. మిగతా మాడ్యూళ్లకు దాని నుంచి సందేశం అందడం లేదని మాత్రమే ఆ కోడు చెబుతుంది, ఎందుకు అందడం లేదో చెప్పదు. మాడ్యూళ్లు ఒకదానికొకటి సందేశాలు పంపుకునే రెండు తీగల క్యాన్ లైనుకు రెండు చివర్లా 120 ఓమ్‌ల రెసిస్టర్లు ఉంటాయి కాబట్టి, బ్యాటరీ తీసేసి ఆ రెండు తీగల మధ్య కొలిస్తే సుమారు 60 ఓమ్‌లు రావాలి. 120 వస్తే ఎక్కడో ఒకచోట తెగింది, సున్నాకు దగ్గరగా వస్తే రెండు తీగలూ కలిసిపోయాయి.

సప్లై, ఎర్త్ రెండూ మాడ్యూల్ పిన్నుల దగ్గరే సరిగా ఉండి, స్విచ్చు వేసిన సంగతి స్కానరు లైవ్ డేటాలో కనిపిస్తూ, బయటికి వెళ్లే తీగలో షార్టు లేకపోయినా ఆ పిన్నుకు కరెంటు రాకపోతే, అప్పుడే మాడ్యూల్ పోయిందనాలి. అలా నిజంగా పోయినప్పుడు కూడా అది ఎందుకు కాలిందో తెలుసుకోకుండా కొత్తది గుచ్చకూడదు. రిలే లేకుండా ఇండికేటర్ తీగకు తగిలించిన అలంకారపు దీపాలో, హారన్ తీగకు కలిపిన అదనపు హారన్లో అలాగే ఉంటే కొత్త మాడ్యూల్ కూడా అదే దారి పడుతుంది.

అపోహ: పాత బండి నుంచి తీసిన మాడ్యూల్ తెచ్చి గుచ్చితే చాలు.

వాస్తవం: కప్లర్ పట్టినంత మాత్రాన సరిపోదు. పార్టు నంబరు, వోల్టేజీ, సాఫ్ట్‌వేర్ సరిపోవాలి, ఆ బండిలో ఉన్న సదుపాయాలకు తగినట్టు కోడింగ్ చేయాలి. ఇమ్మొబిలైజర్ (సరైన తాళంచెవి లేకుంటే బండిని స్టార్టు కానివ్వని ఏర్పాటు) దీనితో ముడిపడిన మోడళ్లలో తాళంచెవులు మళ్లీ నేర్పించకపోతే బండి స్టార్టు కాదు. పాత మాడ్యూల్ స్కానరుకు స్పందిస్తున్నంతవరకు దాని కోడింగ్ వివరాలను ముందుగా చదివి భద్రపరచుకోవాలి. తీసేటప్పుడు ఇగ్నిషన్ ఆపి, బ్యాటరీ నెగటివ్ విప్పి, కొన్ని నిమిషాలు ఆగాలి.

అపోహ: వరదలో మునిగిన బండిని ఒకసారి స్టార్టు చేసి చూస్తే పోయిందో లేదో తెలుస్తుంది.

వాస్తవం: 2022 జూలై గోదావరి వరదల తరువాత లంకల నుంచి వచ్చిన కొన్ని బండ్లలో, నీటికి పాడవని మాడ్యూళ్లు తడిగా ఉండగా ఇగ్నిషన్ వేసినందువల్ల కాలిపోయాయి. ముందు బ్యాటరీ విప్పాలి, తరువాత కప్లర్లు తీసి శుభ్రం చేసి పూర్తిగా ఆరబెట్టాలి. కప్లర్లలో కిరోసిన్ పోయడం, బేరింగ్ గ్రీజు పూయడం మానాలి, కాంటాక్ట్ క్లీనర్ వాడాలి.

అపోహ: ఛాసిస్ మీద చిన్న వెల్డింగుకు ఏమీ కాదు.

వాస్తవం: అవుతుంది. బ్యాటరీ తీగలు విప్పి, వెల్డింగు ఎర్త్ క్లాంపును పనిచేసే చోటికి వీలైనంత దగ్గరగా పెట్టాలి. మాడ్యూళ్ల కప్లర్లు కూడా తీయడం మరింత మంచిది.

అపోహ: కాలిన మాడ్యూల్ తుక్కు కిందే లెక్క.

వాస్తవం: లోపలి రిలే పాడైతేనో, టంకం పగిలితేనో బాగుచేయగలిగినవారున్నారు. రెసిన్ పోసి మూసేసిన బోర్డుల విషయంలో మాత్రం ఆశ తక్కువ. ఎక్కడ మార్పించినా పాత మాడ్యూల్‌ను మీ చేతికి ఇవ్వమని అడగండి. దాని మీది పార్టు నంబరు, లోపలి కోడింగ్ కొత్తదాన్ని అమర్చేవారికి పనికివస్తాయి, అది నిజంగా చెడిపోయిందో లేదో మరొకరి చేత చూపించుకునే అవకాశం కూడా మీకుంటుంది.