క్లౌడ్ బ్యాకప్‌కు ప్రైవేట్ కనెక్షన్: అపోహలు - వాస్తవాలు

బ్యాకప్ డేటా ఇంటర్నెట్ మీదుగా వెళ్లకూడదు, ప్రైవేట్ దారి కావాలి అని ఈమధ్య చిన్న ఆసుపత్రులు, సహకార బ్యాంకులు కూడా అడుగుతున్నాయి. అడగడం సరైనదే. ఆ దారి ఏం చేస్తుందో, ఏం చేయదో తెలియకుండానే బిల్లు కట్టేస్తున్నారన్నదే నా బాధ. నేను ఎక్కువగా పనిచేసేది మైక్రోసాఫ్ట్ క్లౌడ్‌లోని అజూర్ బ్యాకప్ మీద కాబట్టి ఉదాహరణలు చాలావరకు అక్కడివే.

అపోహ: ప్రైవేట్ ఎండ్‌పాయింట్ పెడితే ఆఫీసు నుంచి క్లౌడ్‌కు ప్రైవేట్ లైన్ వచ్చేసినట్టే.

రాదు. ప్రైవేట్ ఎండ్‌పాయింట్ అంటే వీనెట్‌లో, అంటే క్లౌడ్‌లో ఉన్న మీ సొంత వర్చువల్ నెట్‌వర్క్‌లో, బ్యాకప్ సర్వీసుకు ఇచ్చిన లోపలి ఐపీ చిరునామాలు, అంతే. ఆఫీసులోని సర్వర్ ఆ వీనెట్ దాకా చేరడానికి వీపీఎన్ గానీ, ఎక్స్‌ప్రెస్‌రూట్ (ఆఫీసు నుంచి అజూర్‌కు వేసే ప్రత్యేక లైను) ప్రైవేట్ పీరింగ్ గానీ వేరుగా ఉండాలి. వీపీఎన్ నడిచేది ఇంటర్నెట్ మీదే, కాకపోతే ఎన్‌క్రిప్ట్ అయి. ఎక్స్‌ప్రెస్‌రూట్ ఇంటర్నెట్‌ను తాకదు గానీ, దానంతట అది దేన్నీ ఎన్‌క్రిప్ట్ చేయదు. ప్రైవేట్ అన్నారు కదా, ఎన్‌క్రిప్షన్ కూడా అందులోనే ఉంటుందనుకోవద్దు.

బ్యాకప్ డేటా మాత్రం ఎలాగూ టీఎల్ఎస్ ఎన్‌క్రిప్షన్‌లోనే వెళ్తుంది. మార్స్ ఏజెంట్ (సర్వర్‌లో ఇన్‌స్టాల్ చేసే అజూర్ బ్యాకప్ ప్రోగ్రామ్) అయితే డేటాను సర్వర్ దాటకముందే మీ పాస్‌ఫ్రేజ్‌తో ఎన్‌క్రిప్ట్ చేస్తుంది. ఆ పాస్‌ఫ్రేజ్ పోతే మైక్రోసాఫ్ట్ కూడా డేటాను తిరిగి ఇవ్వలేదు. దాన్ని అదే సర్వర్ డెస్క్‌టాప్ మీద దాచడం ఇప్పటికైనా మానాలి.

అమెజాన్ క్లౌడ్ అయిన ఏడబ్ల్యూఎస్ వాడేవాళ్లకు ఒక మాట. అక్కడి స్టోరేజీ ఎస్3. దాని గేట్‌వే ఎండ్‌పాయింట్‌కు ఛార్జీ లేదు, కానీ అది వీపీసీ (అక్కడి వీనెట్ లాంటిది) లోపల ఉన్నవాటికే పనిచేస్తుంది. ఆఫీసు నుంచి డైరెక్ట్ కనెక్ట్ (అక్కడి ఎక్స్‌ప్రెస్‌రూట్ లాంటిది) మీదుగా రావాలంటే, గంటకింత, జీబీకింత అని ఛార్జీ పడే ఇంటర్‌ఫేస్ ఎండ్‌పాయింట్ కావాలి.

అపోహ: అజూర్ పోర్టల్‌లో ఎండ్‌పాయింట్ పక్కన "అప్రూవ్డ్" అని కనిపిస్తే పని అయిపోయినట్టే.

నేను చూసిన కేసుల్లో ఎక్కువ భాగం చిక్కుకునేది ఇక్కడే, అదీ నెట్‌వర్క్ దగ్గర కాదు, డీఎన్ఎస్ (పేరు అడిగితే ఐపీ చెప్పే సర్వీసు) దగ్గర. ఏజెంటు ఐపీని వెతకదు, పేరును అడుగుతుంది. ఆ పేరుకు పబ్లిక్ ఐపీ జవాబుగా వస్తే, మీరు కట్టిన ప్రైవేట్ దారి పక్కనే ఉన్నా ట్రాఫిక్ బయటికే పోతుంది. ఫైర్‌వాల్ బయటి దారి మూసేసి ఉంటే అసలు కదలదు.

అజూర్ బ్యాకప్‌కు ఒక్క డీఎన్ఎస్ జోన్ (పేర్లు, వాటి ఐపీల జాబితా) చాలదు. బ్యాకప్ సర్వీసుకు ఒకటి, డేటా చేరే బ్లాబ్ స్టోరేజీకి ఒకటి, సందేశాలు నడిచే క్యూకు ఒకటి, మొత్తం మూడు. మొదటిది ఒక్కటే పెట్టి వదిలేస్తే సర్వర్ చక్కగా రిజిస్టర్ అవుతుంది, బయటి దారి మూసి ఉంటే, తీరా డేటా పంపేటప్పుడు జాబ్ ఫెయిలవుతుంది. అప్పుడందరూ ఏజెంటును తప్పుపట్టి తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తూ కూర్చుంటారు. ఇంకొకటి: ఒకే పేరున్న రెండు ప్రైవేట్ జోన్‌లు ఒకే వీనెట్‌కు లింక్ కావు. మీ కంపెనీలో మరో టీమ్ ఇప్పటికే బ్లాబ్ జోన్ పెట్టి ఉంటే, కొత్తది సృష్టించకుండా వాళ్లతో మాట్లాడి రికార్డులు అందులోనే చేర్చాలి.

ఆఫీసు డీఎన్ఎస్ సర్వర్ నుంచి అజూర్ సొంత డీఎన్ఎస్ చిరునామా 168.63.129.16కు నేరుగా ఫార్వర్డ్ పెట్టేవాళ్లూ ఉన్నారు. ఆ చిరునామా అజూర్ లోపలి నుంచే పలుకుతుంది. మధ్యలో వీనెట్‌లో ఒక డీఎన్ఎస్ ఫార్వర్డరో, అజూర్ డీఎన్ఎస్ ప్రైవేట్ రిజాల్వర్ ఇన్‌బౌండ్ ఎండ్‌పాయింటో ఉండాలి. ఫలానా పేర్ల ప్రశ్నలను అక్కడికి పంపే కండిషనల్ ఫార్వర్డర్‌లో రాయాల్సింది కూడా ప్రైవేట్‌లింక్ అన్న ముక్క ఉన్న పేరు కాదు, మామూలు పబ్లిక్ జోన్ పేరు. హోస్ట్స్ ఫైల్‌లో ఐపీలు రాసి సర్దుకోవడం పరీక్ష వరకు పర్వాలేదు. ప్రొడక్షన్‌లో అలా వదిలేస్తే, ఎండ్‌పాయింట్ మళ్లీ సృష్టించిన రోజున బ్యాకప్ ఆగిపోతుంది, కారణం ఎవరికీ తట్టదు.

లాగిన్ సంగతీ గుర్తుంచుకోవాలి. లాగిన్లు చూసే మైక్రోసాఫ్ట్ ఎంట్రా ఐడీకి ఈ ప్రైవేట్ దారి లేదు. బయటి దారులన్నీ మూసినా ఎంట్రా ఐడీ చిరునామాలకు 443 పోర్టు మీద అనుమతి ఇవ్వాల్సిందే.

అపోహ: ప్రైవేట్ ఎండ్‌పాయింట్‌ను ఉన్న వాల్ట్‌కే (బ్యాకప్‌లు దాచే చోటు) తర్వాత తగిలించుకోవచ్చు.

అజూర్ బ్యాకప్‌లో కుదరదు. రికవరీ సర్వీసెస్ వాల్ట్‌లో ఇంతకుముందు ఏదైనా రిజిస్టర్ అయి ఉంటే దానికి ప్రైవేట్ ఎండ్‌పాయింట్ పెట్టలేరు. కొత్త వాల్ట్ తీసుకుని, ముందు ఎండ్‌పాయింట్, తర్వాతే బ్యాకప్. పాత వాల్ట్‌లోని రికవరీ పాయింట్లు గడువు తీరేదాకా అక్కడే ఉంచాలి. ఎండ్‌పాయింట్‌కు సబ్‌నెట్ (వీనెట్‌లో ఒక భాగం) కూడా చిన్నది ఇవ్వకండి. ఒక్క వాల్ట్‌కే పదో, అంతకన్నా ఎక్కువో ఐపీలు పోవచ్చు.

అపోహ: ప్రతి బ్యాకప్‌కూ ప్రైవేట్ ఎండ్‌పాయింట్ తప్పనిసరి.

అజూర్ వీఎం (వర్చువల్ మెషీన్) డిస్కుల బ్యాకప్‌కు అక్కర్లేదు. ఆ డేటా మీ వీనెట్ గుండా పోదు. వీఎంలో నడిచే ఎస్‌క్యూఎల్ సర్వర్, శాప్ హనా డేటాబేసులు, మార్స్ ఏజెంట్ ఉన్న సర్వర్లు, వీటికే దీని అవసరం.

అపోహ: ప్రైవేట్ కాబట్టి వేగం పెరుగుతుంది.

లైను ఎంతో వేగం అంతే. 100 ఎంబీపీఎస్ లైను పూర్తిగా బ్యాకప్‌కే ఇచ్చినా 10 టీబీ ఎక్కడానికి 9 రోజుల పైనే పడుతుంది. 1 జీబీపీఎస్ అయితే దాదాపు 22 గంటలు. మొదటి ఫుల్ బ్యాకప్ పెద్దదైతే డేటాను డిస్కుల్లో పంపే పద్ధతి ఉంది, అజూర్ డేటా బాక్స్ అందుకే. వీపీఎన్ మీదైతే మరో జాగ్రత్త: వీపీఎన్ ఎన్‌క్రిప్షన్ అయిన ఐపీసెక్ హెడర్లకు చోటు పోతుంది కాబట్టి ఫైర్‌వాల్‌లో ఎంఎస్ఎస్‌ను (ఒక్కో ప్యాకెట్‌లో పంపే డేటా పరిమితి) 1350 బైట్లకు తగ్గించాలి. లేకపోతే పింగ్ వెళ్తుంది, లాగిన్ అవుతుంది, పెద్ద ఫైలు ఎక్కించేటప్పుడు మాత్రం జాబ్ బిగుసుకుపోతుంది.

అపోహ: ప్రైవేట్ దారి ఉంటే రాన్సమ్‌వేర్ బ్యాకప్‌ను ముట్టుకోలేదు.

ఈ నమ్మకం చాలా ప్రమాదం. ప్రైవేట్ ఎండ్‌పాయింట్ కాపాడేది డేటా ప్రయాణించే దారిని. వాల్ట్‌ను నడిపే హక్కులు పోర్టల్ వైపు ఉంటాయి, ఆ పోర్టల్ ఇంటర్నెట్ మీదే ఉంటుంది. అడ్మిన్ పాస్‌వర్డ్ దొంగిలించినవాడు మీ నెట్‌వర్క్‌లో అడుగుపెట్టకుండానే బ్యాకప్ ఆపేసి, డిలీట్ నొక్కగలడు. అక్కడ అడ్డుపడేవి వేరు: డిలీట్ చేసినదాన్ని మామూలుగా 14 రోజులు పట్టి ఉంచే సాఫ్ట్ డిలీట్, లాక్ చేస్తే గడువులోపు ఎవరూ చెరపలేని ఇమ్యూటబుల్ వాల్ట్, ఇంకొకరి అనుమతి లేకుండా పెద్ద మార్పులు జరగనివ్వని రిసోర్స్ గార్డ్. ఏడబ్ల్యూఎస్‌లో అయితే వాల్ట్ లాక్. బడ్జెట్ ఒక్కదానికే సరిపోతుందంటే నేను ముందు ఇవే పెట్టమంటాను, ప్రైవేట్ ఎండ్‌పాయింట్ తర్వాత.

అపోహ: బ్యాకప్ వెళ్తోందంటే రీస్టోర్ కూడా అదే దారిలో వచ్చేస్తుంది.

పాత సర్వర్ బతికి ఉంటే వస్తుంది. కానీ రీస్టోర్ అవసరమయ్యేది అది పోయినప్పుడు కదా. వేరే వీనెట్‌లో కొత్త సర్వర్ లేపుతారు. అక్కడి నుంచి వాల్ట్‌కు దారి ఉందా, ఆ మూడు జోన్‌లు లింక్ అయ్యాయా అన్నది అప్పుడు చూడటం ఇల్లు కాలుతుంటే బావి తవ్వడమే. ఆఫీసు ఫైర్‌వాలే పోతే వీపీఎన్ కూడా దాంతోపాటే పోతుంది. డీఎన్ఎస్ సర్వర్ ఆ మంటలోనే ఉంటే పేర్లు చెప్పేవాడు ఉండడు.

అందుకే మా టీమ్ రీస్టోర్ డ్రిల్‌ను పాత సర్వర్ మీద చేయదు. ఖాళీ వీనెట్‌లో కొత్త సర్వర్ పెట్టి, ముందు ఎన్ఎస్‌లుకప్ కమాండ్‌తో మూడు పేర్లకూ లోపలి ఐపీలే వస్తున్నాయో లేదో చూస్తాం. తర్వాత 443 పోర్టు, ఆపైన ఎంట్రా ఐడీ లాగిన్. బ్రౌజర్‌లో పేజీ తెరుచుకుందని సరిపెట్టుకోం, ఎందుకంటే మార్స్ ఏజెంట్ నడిచేది సిస్టమ్ ఖాతాతో, దాని ప్రాక్సీ సెట్టింగులు వేరు. వాల్ట్ క్రెడెన్షియల్ ఫైలుకు గడువు ఉంటుంది కాబట్టి దాన్ని అప్పటికప్పుడు పోర్టల్ నుంచి కొత్తగా దించుకుంటాం. పాస్‌ఫ్రేజ్ మాత్రం దాచినచోట నుంచి తీసుకురావాలి, అదీ డ్రిల్‌లో భాగమే, దాచిన మనిషి సెలవులో ఉన్న రోజున చేస్తే ఇంకా మంచిది.