సంఘపోళ్లు, పాలమూరోళ్లు: దక్షిణ తెలంగాణలో అస్తిత్వానికీ భావజాలానికీ ఉన్న పాత చుట్టరికం

1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ నుంచి 480 మంది పోటీ చేశారు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు వంగిన ఊళ్లవాళ్లు, కృష్ణా నీళ్ల కోసం అడిగి అడిగి విసిగిపోయి, జలసాధన సమితి పిలుపు మీద వందల నామినేషన్లు వేశారు. అన్ని పేర్లు ఒక్క కాగితం మీద పట్టేవి కావు. లోక్‌సభ అభ్యర్థి కట్టే ధరావతును 500 నుంచి 10,000 రూపాయలకు పెంచింది ఆ ఏడాదే. ఇంత జరిగినా గెలిచింది మాత్రం సీపీఐ అభ్యర్థి బొమ్మగాని ధర్మభిక్షం.

రాజనీతిశాస్త్రం చదివే పిల్లలకు ఇంతకన్నా మంచి పాఠం దొరకదు. మేం నీళ్లకు నోచుకోని ప్రాంతం వాళ్లమని చాటుకోవడం అస్తిత్వం కిందికి వస్తుంది. ఎర్రజెండాకు ఓటెయ్యడం భావజాలం కిందికి వస్తుంది. తరగతిలో రెండూ రెండు వేర్వేరు అధ్యాయాలు. నల్లగొండలో రెండూ ఒకే ఎన్నికలో, ఒకే పెట్టెలో పడ్డాయి. ధర్మభిక్షం బతుకే తీసుకోండి. ఆయన గీత కార్మికులను కూడగట్టిన నాయకుడు. పొద్దున్నే మోకు, ముస్తాదు భుజాన వేసుకొని తాటివనానికి పోయే మనిషి గౌడు, కష్టజీవి కూడా. చెట్టు మీది నుంచి పడితే ఆ ఇంటికి దిక్కెవరని సంఘం అడిగినప్పుడు, అది కులం అడిగినట్టా, వర్గం అడిగినట్టా? ఈ రెంటినీ విడదీసి చూసిన పరిశోధన ఏదైనా ఇక్కడి మనుషులను సగమే చూసిందని నా నమ్మకం.

ఈ చుట్టరికం చాలా పాతది. పాలమూరు (మహబూబ్‌నగర్) జిల్లా ఇటిక్యాలపాడుకు చెందిన సురవరం ప్రతాపరెడ్డి 1926లో గోలకొండ పత్రిక మొదలుపెట్టారు. తెలంగాణలో కవులే లేరని ఎవరో అన్న మాటకు 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక అచ్చువేసి జవాబు చెప్పారు. 1930లో జోగిపేటలో జరిగిన మొదటి ఆంధ్రమహాసభకు అధ్యక్షుడూ ఆయనే. అప్పటి కోరికలు తెలుగు బడి, గ్రంథాలయం, సొంత భాషలో మాట్లాడితే చిన్నచూపు చూడని సభ. అస్తిత్వం అన్న మాట అప్పటికి ఈ అర్థంలో వాడుకలో లేదు. అడిగింది మాత్రం అదే.

1944లో ఆంధ్రమహాసభ భువనగిరి సభకు కమ్యూనిస్టు నాయకుడు రావి నారాయణరెడ్డి అధ్యక్షుడయ్యే నాటికి మితవాదులు పక్కకు జరిగారు. అదే మహాసభ ఊళ్లలోకి వచ్చేసరికి ‘సంఘం’ అయింది. మా ఇంట్లో పెద్దవాళ్లు ఎన్నడూ కమ్యూనిస్టు పార్టీ అనలేదు. ‘సంఘపోళ్లు వచ్చిండ్రు’ అనేవాళ్లు. సంఘం వచ్చాక ఏం మారిందని మా నాయనమ్మను అడిగితే భూమి సంగతి తర్వాత చెప్పేది. ముందు చెప్పేది దొర ఎదురైనప్పుడు చెప్పులు చేత పట్టుకోవడం, ‘నీ బాంచెన్, కాల్మొక్త’ అనడం ఆగిపోయిన సంగతి. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య ప్రాణాలిచ్చిన పోరాటాన్ని మనం భూమి లెక్కల్లో చదువుకున్నాం. మా నాయనమ్మ దాన్ని మర్యాద లెక్కలో గుర్తుపెట్టుకుంది. 1952 లోక్‌సభ ఎన్నికల్లో రావి నారాయణరెడ్డికి దేశంలో అందరికంటే, నెహ్రూకంటే కూడా ఎక్కువ ఓట్లు పడ్డాయంటే ఈ రెండు లెక్కలూ కలిసినందుకే.

మరి పక్కనే ఉన్న పాలమూరులో సంఘం అంతగా ఎందుకు పాదుకోలేదు? నల్లగొండ తూర్పు అంచు కృష్ణా జిల్లాకు ఆనుకొని ఉండేది. మునగాల పరగణా అయితే నైజాం నేల నడుమ బ్రిటిషు వారి కృష్ణా జిల్లా ముక్క. 1959లో గాని అది నల్లగొండలో కలవలేదు. నైజాంలో నిషేధమున్న మాట, పుస్తకం, మనిషి అటు నుంచి దాటి వచ్చే దారి అది. మునగాల రైతులు తమ జమీందారు మీద చేసిన పోరాటం చుట్టుపక్కల ఊళ్లకు కళ్లెదుటి పాఠమైంది. పాలమూరులో గద్వాల, వనపర్తి, జటప్రోలు, అమరచింత, గోపాల్‌పేట సంస్థానాలు. అక్కడ దొర ఒక్క ఊరి దొర కాదు, రాజు. జనం నోరు మెదపలేదని కాదు. 1947లో ఆత్మకూరు దగ్గర అప్పంపల్లిలో జరిగిన కాల్పులే అందుకు సాక్ష్యం. అయినా నల్లగొండలో ఊరూరికీ పాకిన నిర్మాణం ఇక్కడ నిలబడలేదు.

పాలమూరుకు వేరే పేరు వచ్చింది, పాలమూరు లేబర్ అని. గుంపు మేస్త్రి అడ్వాన్సు ఇచ్చి, పిల్లాజెల్లాతో సహా మనుషులను లారీ ఎక్కించి దేశంలో ఎక్కడ ఆనకట్ట కడుతుంటే అక్కడికి తోలేవాడు. తట్ట మోసిన కాలువల నీళ్లు తమ చేలకు రాలేదు. ఆర్డీఎస్ (రాజోలిబండ మళ్లింపు పథకం) కింద 87,500 ఎకరాలకు నీళ్లు రావాలన్నది కాగితం మీది మాట. అలంపూర్ రైతును అడిగితే చివరి తూము కథ చెప్తాడు. ఒక జిల్లా పేరు కూలి పేరుగా మారడం వెనక ఎంత భావజాలం దాగి ఉందో, దాని మీద పుస్తకాలు రావడానికి చాలా ఏళ్లు పట్టింది.

1969 ప్రత్యేక తెలంగాణ ఉద్యమం తర్వాత అంతా ప్రాంతం పక్షాన నిలిచిందనే మాట వింటుంటాం. 1971లో నల్లగొండ సీటు తెలంగాణ ప్రజా సమితి గెలిచింది. అదే జిల్లాలోని మిర్యాలగూడలో సీపీఎం నుంచి భీమిరెడ్డి నర్సింహారెడ్డి గెలిచారు. ఒకే గాలిలో రెండు జెండాలు ఎగిరాయి.

ఈ చిక్కుముడి మీద తీవ్రంగా ఆలోచించినవాళ్లలో తుంగతుర్తి ప్రాంతపు మారోజు వీరన్న ఒకరు. కులాన్ని పక్కన పెట్టి వర్గపోరాటం సాగదని విప్లవ పార్టీ లోపలే నిలబడి వాదించారు. 1999లో ఎన్‌కౌంటర్‌లో చనిపోయారు. అంతకు రెండేళ్ల ముందు, 1997లో, భువనగిరిలోనూ సూర్యాపేటలోనూ జరిగిన సభలతో తెలంగాణ మాట మళ్లీ వీధికెక్కింది. సంఘం పుట్టిన ఊళ్లలోనే అది జరగడం కాకతాళీయం అనుకోను.

యూనివర్సిటీ వైపు నుంచి ఇదే దారిలో నడిచినవారు ప్రొఫెసర్ హరగోపాల్. షాద్‌నగర్ దగ్గరి మొగిలిగిద్ద ఆయన ఊరు. హైదరాబాద్ రాష్ట్ర ముఖ్యమంత్రి బూర్గుల రామకృష్ణారావుకు ఇంటిపేరిచ్చిన ఊరూ ఆ చుట్టుపక్కలదే. హరగోపాల్ కాకతీయలో, తర్వాత హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో పాఠం చెప్పారు. ఐఏఎస్ అధికారిగా పనిచేసిన ఎస్.ఆర్. శంకరన్‌తో కలిసి ప్రభుత్వానికీ నక్సలైట్లకూ మధ్య శాంతిచర్చల కోసం తిరిగారు. 2012లో ఛత్తీస్‌గఢ్‌లో మావోయిస్టులు పట్టుకుపోయిన సుక్మా కలెక్టర్‌ను విడిపించేందుకు బి.డి. శర్మతో పాటు మధ్యవర్తిగా అడవికి పోయారు. పాలమూరు వలస మీద, కరువు మీద జిల్లాలో నడిచిన అధ్యయనాలకు అండగా నిలబడ్డారు. పౌరహక్కులు, విద్యాహక్కు, ప్రత్యేక తెలంగాణ, మూడింటి మీదా ఒకే మనిషి మాట్లాడుతుంటే కొందరికి పొంతన కుదరనట్టు అనిపించేది. మొగిలిగిద్ద నుంచి చూస్తే అవి మూడు కావు.

2016లో జిల్లాలు విడగొట్టారు. ఇప్పుడు అక్కడి పిల్లలు తమది గద్వాల జిల్లా అనో, వనపర్తి అనో, నాగర్‌కర్నూల్ అనో రాసుకుంటున్నారు. 2019 నుంచి నారాయణపేట కూడా వేరే జిల్లా. బొంబాయి బస్సు దిగిన కూలీని మేస్త్రి మాత్రం ఇప్పటికీ ‘పాలమూరోడు’ అనే పిలుస్తాడు.