కౌన్సిలర్ చేతిలో ఏముంది? మున్సిపాలిటీ గురించి కొన్ని అపోహలు, వాస్తవాలు

మున్సిపల్ ఆఫీసులో కౌన్సిల్ సమావేశాలకు ఎజెండా తయారుచేసి, తీర్మానాలు రాసే పని చాలా ఏళ్లు చేశాను. కాగితం పట్టుకుని మా టేబుల్ దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామందికి అసలు ఎవరిని అడగాలో తెలిసేది కాదు. తప్పు వాళ్లది కాదు. ఎన్నికలప్పుడు గడప తొక్కేవాళ్లు చెప్పే హామీలే అలా ఉంటాయి.

అపోహ: ఎక్కువ వార్డులు గెలిచిన పార్టీకే చైర్మన్ కుర్చీ.

2021 మార్చిలో కడప జిల్లా మైదుకూరులో ఏం జరిగిందో చూడండి. 24 వార్డుల్లో టీడీపీకి 12, వైసీపీకి 11, జనసేనకు 1 వచ్చాయి. కుర్చీ మాత్రం వైసీపీకి దక్కింది. స్థానిక ఎమ్మెల్యే, ఎంపీలు ఎక్స్ అఫీషియో సభ్యులుగా, అంటే పదవి రీత్యా సభ్యులుగా, ఓటేయడంతో లెక్క తిరగబడింది. అదే ఎన్నికల్లో తాడిపత్రిలో 36 వార్డులకు టీడీపీకి 18, వైసీపీకి 16 వచ్చాయి. మిగిలిన ఇద్దరూ, అంటే ఒక సీపీఐ, ఒక ఇండిపెండెంట్, టీడీపీ వైపు నిలవడంతో అక్కడ ఎక్స్ అఫీషియో ఓట్లు కలిసినా వైసీపీకి చాలలేదు.

ఒకప్పుడు చైర్మన్‌ను జనమే నేరుగా ఎన్నుకునేవారు. ఇప్పుడు కౌన్సిలర్లు తమలో ఒకరిని చేతులెత్తి ఎన్నుకుంటారు. ఒక ఎమ్మెల్యే నియోజకవర్గంలో రెండు మూడు మున్సిపాలిటీలుంటే ఆయన ఓటు ఒక్కచోటే. ఎక్కడ వాడుకోవాలో ముందే ఎంచుకోవాలి. ఫలితాల మర్నాటి నుంచే గెలిచినవాళ్లను బస్సెక్కించి క్యాంపులకు తరలించేది ఇందుకే. తర్వాత వచ్చే కో-ఆప్షన్ సభ్యులు, అంటే జనం ఓటుతో కాకుండా కౌన్సిలే ఎంచుకునేవాళ్లు, సమావేశంలో మాట్లాడవచ్చు గానీ, వాళ్లకు ఓటు లేదు.

అపోహ: కమిషనర్ చైర్మన్ కింద పనిచేసే ఉద్యోగి.

కమిషనర్‌ను వేసేది, బదిలీ చేసేది రాష్ట్ర ప్రభుత్వం. కౌన్సిల్ తీర్మానిస్తుంది, ఆయన అమలు చేస్తారు. తీర్మానం చట్టానికి విరుద్ధమనిపిస్తే ప్రభుత్వానికి రాస్తారు, ప్రభుత్వం దాన్ని ఆపేయగలదు, రద్దు చేయగలదు. అయితే కౌన్సిల్ ఆమోదం లేకుండా చాలా ఖర్చుల ఫైళ్లు కదలవు. ఈ ఇద్దరికీ పడకపోతే నష్టపోయేది ఊరు. మరీ బాగా కుదిరినా ఊరికి మంచిది కాదని నా అభిప్రాయం.

ఎందుకంటే అసలు కథ ఎజెండాలో ఉంటుంది. సాధారణ సమావేశానికి అంశాలన్నీ సభ్యులకు ముందే పంపాలి. ఆఖరి నిమిషంలో చేర్చేవి టేబుల్ ఎజెండా కింద వస్తాయి. అత్యవసరమని చైర్మన్ ముందస్తు అనుమతితో చేసేసిన పనులు తర్వాత ర్యాటిఫికేషన్‌కు, అంటే కౌన్సిల్ ఆమోదముద్రకు, వస్తాయి. పైపు పగిలితే సమావేశం దాకా ఆగలేం కాబట్టి ఆ వెసులుబాటు ఉండాల్సిందే. కానీ పండుగ లైటింగు కూడా అత్యవసరమే అయిపోతుంటుంది! ముప్ఫై నలభై అంశాలకు వరసగా ‘ఆమోదించడమైనది’ అని రాసి గంటలో ముగించిన సమావేశాలు నాకు కొత్త కాదు.

పోడియం ముందు బైఠాయించి నినాదాలిచ్చిన కౌన్సిలర్ ఫొటో మర్నాడు పేపర్లో వస్తుంది. తీర్మానాల పుస్తకంలో మాత్రం ఆయన అభ్యంతరం ఉండదు. రాతపూర్వకంగా డిసెంట్ (అసమ్మతి) ఇస్తే అది ఫైలు వెంటే ఆడిట్ దాకా వెళ్తుంది. అరిచేవాళ్లకు భయపడని అధికారులు ఆ ఒక్క కాగితానికి టెన్షన్ పడటం నేను చూశాను.

అపోహ: మా కౌన్సిలర్‌కు ఫండ్స్ వస్తాయి, తినేస్తున్నాడు.

తినేవాళ్లు లేరని అనను. కానీ ఎంపీకి ఏటా 5 కోట్ల నిధి ఉన్నట్టు కౌన్సిలర్‌కు చట్టప్రకారం సొంత నిధి ఏదీ లేదు. ఆస్తి పన్ను, నీటి చార్జీలు, ఖాళీ స్థలాల పన్ను, ట్రేడ్ లైసెన్సులు, దుకాణాల అద్దెలు, ఇవన్నీ సాధారణ నిధికి చేరతాయి. అందులోంచి పారిశుధ్య కార్మికుల వేతనాలు, వీధిదీపాల, మోటార్ల కరెంటు బిల్లులు పోగా మిగిలిందే మీ వీధి సిమెంటు రోడ్డుకు. 15వ ఆర్థిక సంఘం గ్రాంటులో చిన్న పట్టణాలకు 60 శాతం పారిశుధ్యానికి, తాగునీటికే కట్టిపడేశారు. తెలంగాణలో 2019 మున్సిపల్ చట్టం బడ్జెట్‌లో 10 శాతం మొక్కలకు పక్కన పెట్టమంటుంది. ఇన్ని కట్టుబాట్లు పోగా మిగిలిన దాని కోసం వార్డుల మధ్య పోటీ.

అపోహ: ఇంటి ప్లాన్, రేషన్ కార్డు, పెన్షన్ కౌన్సిలర్ చేతిలో ఉంటాయి.

ఇంటి అనుమతి ఆన్‌లైన్‌లో టౌన్ ప్లానింగ్ చూస్తుంది, కౌన్సిల్ సంతకం అక్కర్లేదు. తెలంగాణలో 75 గజాల్లోపు స్థలంలో చిన్న ఇంటికైతే అనుమతే అక్కర్లేదు, రూపాయి కట్టి రిజిస్టర్ చేసుకుంటే చాలు. ‘కౌన్సిలర్‌కు చూపించాలి’ అని ఎవరైనా డబ్బు అడిగితే అది ఏ నిబంధనలోనూ లేదు. మిగతావాటికి కౌన్సిలర్ సిఫారసు చేయగలడు, అంతే. ఆంధ్రాలో వార్డు సచివాలయ కార్యదర్శులు కూడా ప్రభుత్వ ఉద్యోగులే, కౌన్సిలర్ మనుషులు కారు.

అపోహ: ఆ వార్డులో ఓటున్నవాళ్లే అక్కడ పోటీ చేయాలి.

అదే మున్సిపాలిటీలో ఎక్కడ ఓటున్నా చాలు. 21 ఏళ్లు నిండాలి.

అపోహ: మేడమ్ తరఫున సార్ వస్తారు.

రెండు రాష్ట్రాల్లోనూ సగం సీట్లు మహిళలవి. గెలిచిన ఆమె భర్తకు సమావేశంలో కుర్చీ లేదు, ఫైలు చూసే హక్కు లేదు. ఇది అందరికీ తెలుసు. అయినా ఆయనకు కాఫీ తెప్పించే ఆఫీసులున్నాయి, దాన్ని ఆచారమని సమర్థించుకుంటారు.

అపోహ: ఎన్నికలు ఆలస్యమైతే పాత కౌన్సిలే కొనసాగుతుంది.

మొదటి సమావేశం జరిగిన రోజు నుంచి ఐదేళ్లు, అంతకు మించి ఒక్కరోజు కూడా కుదరదని రాజ్యాంగం 243యు అధికరణం చెబుతుంది. గడువులోపే ఎన్నికలు పెట్టాలనీ అదే అధికరణం చెబుతుంది గానీ, మన దగ్గర అలా జరగడం అరుదు. 2025 జనవరిలో తెలంగాణలో చాలా పాలకవర్గాల గడువు ముగిస్తే స్పెషలాఫీసర్లు వచ్చారు. వాళ్ల హయాంలో కౌన్సిల్ అధికారాలన్నీ ఆ ఒక్క అధికారివే, డిసెంట్ ఇచ్చేవాళ్లు ఉండరు. అప్పుడైనా తీర్మానాలు రాతలోనే ఉంటాయి. సమాచార హక్కు కింద నెల నెలా నకలు అడగవచ్చు, పది రూపాయల ఫీజు.